నిప్పులు చెరిగాడు సరే, ఇంతకీ ఏం అడిగాడు?

తమ్ముడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం చదివా. రెండుసార్లు చదివా, మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ప్రతిపక్ష ఎంపీ ఒకాయన ఉపాధి హామీ కూలి బకాయిల మీద లోక్‌సభలో ప్రభుత్వాన్ని నిలదీశాడని రాశావు కదా, అందులో నిప్పులు చెరగడం మూడుసార్లు, కడిగిపారేయడం రెండుసార్లు, ఏకిపారేయడం ఒకసారి వచ్చాయి, సభ దద్దరిల్లింది కూడా. అంతా అయ్యాక నాకు అర్థంకాంది ఒక్కటే, ఇంతకీ ఆయన ఏం అడిగాడు?

తిడుతున్నా అనుకోకు. ట్రైనీగా చేరిన కొత్తలో నేనూ ఇదే పని చేశా. ఒక సభ్యుడు సింహంలా గర్జించాడని రాసి గొప్పగా డెస్క్ మీద పెడితే, మా ఇన్‌ఛార్జి కళ్ళజోడు పైకి తోసి "సింహం ఏమందయ్యా" అన్నాడు. ఏమందో నా నోట్‌బుక్‌లో లేదు. గర్జన ఒక్కటే ఉంది. ఆ పూట ఐటెం పోయింది, నాకు ఆ మాట మిగిలింది.

నీకో పాత కథ చెప్తా. 1963 ఆగస్టు. చైనా యుద్ధంలో దెబ్బతిని ఏడాది కూడా కాలేదు, నెహ్రూ ప్రభుత్వం మీద ఆచార్య కృపలానీ అవిశ్వాస తీర్మానం పెట్టాడు, లోక్‌సభలో అదే మొట్టమొదటి అవిశ్వాసం. ముందటేడు ఫుల్పూర్‌లో నెహ్రూ చేతిలో ఓడిపోయిన సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా, ఈసారి ఫరూఖాబాద్ ఉపఎన్నికలో గెలిచి కొత్తగా సభకి వచ్చాడు. (మన హైదరాబాద్‌తో ఆయనకి చాలా చుట్టరికం, ఆయన ఇంగ్లీష్ పత్రిక ఇక్కణ్ణుంచే వచ్చేది, అది ఇంకోసారి చెప్తాలే.) ఆయన లేచి హిందీలో చెప్పిన సంగతి ఏంటంటే, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకి మూడణాలతో బతుకుతున్నారు అని.

అంతే. నయా పైసలొచ్చి అప్పటికి ఆరేళ్ళయింది, అయినా జనం నోట్లో అణాలే ఉన్నాయి కాబట్టి అణాల్లోనే చెప్పాడు, రూపాయికి పదహారణాల లెక్కన మూడణాలంటే పందొమ్మిది పైసల లోపు. నెహ్రూ ఒప్పుకోలా, పదిహేనణాలు అన్నాడు. ప్లానింగ్ మంత్రి గుల్జారీలాల్ నందా ఏడున్నర అన్నాడు. ఒకే దేశం, ఒకే సభ, మూడు లెక్కలు! నెహ్రూ చెప్పింది అబద్ధం కాదు, అది దేశం మొత్తానికి సగటు, పెద్ద ఫ్యాక్టరీ ఓనర్నీ బీడీ చుట్టే మనిషినీ ఒకే గాటన కట్టి భాగించిన సగటు. లోహియా అడిగింది అది కాదు. 1961 జనాభా లెక్కల్లో మనం దాదాపు 44 కోట్లం, అందులో 27 కోట్లంటే వందకి అరవై మంది, ఆ అడుగునున్న అరవై మంది సంగతి చెప్పమన్నాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. అంతకు ఏడాది ముందు, 1962లో, ప్లానింగ్ కమిషన్ వేసిన వర్కింగ్ గ్రూపే మనిషికి నెలకి 20 రూపాయలన్నా ఉండాలి అని తేల్చింది, అదీ చదువు, వైద్యం ఖర్చు కలపకుండా. ఆ ఇరవైని రోజు లెక్కన వేసి చూడు, పదిన్నర అణాల పైచిలుకు వస్తుంది. అంటే లోహియా మూడణాలు తప్పనుకుందాం, మంత్రి ఏడున్నరే నిజమనుకుందాం, అప్పుడు కూడా ప్రభుత్వం లెక్క ప్రకారమే ఆ జనానికి కనీసం బతుకు లేదన్నమాట. కొట్టేద్దామని చెప్పిన జవాబే వాళ్ళని పట్టిచ్చింది. ఈ లెక్క వెయ్యడానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, నీ వ్యాసంలో ఇలాంటిది ఒక్క లైనుంటే ఆ నిప్పులన్నీ నువ్వే ఆర్పేసేవాడివి.

తీర్మానం ఏమైందంటావా, 62 ఓట్లు అటు, 347 ఇటు, చిత్తుగా ఓడిపోయింది. ప్రధాని కుక్కకి రోజుకి మూడు రూపాయల ఖర్చు అని లోహియా విసిరిన మాట మాత్రం ఇప్పటికీ జనం చెప్పుకుంటారు, నిజం చెప్పాలంటే ఆ డిబేట్‌లో నాకు తక్కువ నచ్చింది అదే. చప్పట్లకి పనికొచ్చే మాట ఎప్పుడూ ముందు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని వచ్చేస్తే అణాల లెక్క అక్కడే ఉండిపోతుంది.

ఇక నీ ఎంపీ దగ్గరికొద్దాం. ఆయన అడిగింది స్టార్ ప్రశ్నా, స్టార్ లేనిదా? అది కూడా రాయలేదు నువ్వు. స్టార్ ప్రశ్నయితే మంత్రి లేచి నోటితో చెప్పాలి, దాని మీద సప్లిమెంటరీ, అంటే అక్కడికక్కడే ఇంకో ప్రశ్న, అడగొచ్చు, అసలు ఆట అక్కడే. లోక్‌సభలో రోజుకి 20 మించి రావు, పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి, ఆ తర్వాత లాటరీలో పేరు రావాలి, వచ్చినా క్వశ్చన్ అవర్ ఒక గంటే, ఆ గంటలో గొడవయితే అంతే సంగతులు. స్టార్ లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వక జవాబే, ఎవరూ అరవరు, ఏ చానలూ చూపించదు. మంచి వార్తలు చాలావరకు వాటిల్లోనే పడుంటాయి, వెళ్ళి దులుపుకోవాలి అంతే.

జవాబు చదివేటప్పుడు కూడా చెప్పిందొకటే చూడకు. ఒక ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని భాగాలుంటాయి, (ఎ)కి బారెడు జవాబిచ్చి మిగతా వాటికి కలిపి పథకం ఎంత గొప్పదో ఒక పేరా రాస్తారు, అడిగింది బకాయి ఎంత అని అయితే చెప్పింది ఇప్పటిదాకా ఎంత విడుదల చేశారో అని ఉంటుంది. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అన్నారనుకో, పండగ చేసుకో, అది హామీ కింద లెక్క, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చారో లేదో చూడ్డానికి విడిగా ఒక కమిటీయే ఉంది. తారీఖు రాసి పెట్టుకుని మూడు నెలలాగి మళ్ళీ చూడు. మన వాళ్ళలో ఇలా చూసేవాళ్ళు బాగా తక్కువ, నేనూ ఎన్నో వదిలేశా, బద్ధకం.

ఇంకోటి, నీకు ఆ ఎంపీ అంటే ఇష్టమని రెండో పేరాలోనే తెలిసిపోయింది. ఇష్టపడు, తప్పులేదు. కానీ ఆయన పార్టీ అధికారంలో ఉన్న రాష్ట్రంలో ఇదే బకాయి సంగతి ఎలా ఉందో ఒకసారి చూసి, దొరికింది దొరికినట్టు పెట్టు. నీ మంత్రి కూడా మొత్తం వ్యాసంలో "తడబడ్డాడు" అనే ఒక్క మాటలో అయిపోయాడు పాపం, ఏం చెప్పబోయి తడబడ్డాడో రాయి.

సభ వెబ్‌సైట్‌లో ప్రశ్న, జవాబు పీడీఎఫ్ ఉంటుంది, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని మొదటినుంచి రాయి, పాత డ్రాఫ్ట్ తెరవకు. ఆదివారం లోపు పంపిస్తే చూస్తా, సోమవారం నాకు కంటి ఆపరేషన్, తర్వాత వారం పది రోజులు ఫోన్ ముట్టుకోనివ్వదు మీ వదిన.

ఉంటా,
అన్న