టెన్షన్‌తో గుండె దడదడలాడుతుంటే, ఊపిరి మీద ధ్యాస పెడితే నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, అయితే పీల్చడం కన్నా నెమ్మదిగా వదలడమే ముఖ్యం.

భయం కలగగానే ఒంట్లో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఆ వేగానికి కళ్లెం వేసేది మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి. గాలి పీల్చేటప్పుడు దాని పట్టు కాస్త సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. అందుకే ఎంత నిదానంగా వదిలితే గుండెకు అంత తెరిపి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి తెచ్చి ధర కోసం ఎదురుచూసే రైతునే తీసుకోండి. దడ మొదలైతే నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఇలా ఐదు నిమిషాలు. ధర మారదు, అప్పు తీరదు, నిజమే. కానీ వ్యాపారితో మాట్లాడేటప్పుడు గొంతులో వణుకు తగ్గుతుంది, అది చిన్న విషయమేమీ కాదు.

చాలామంది ‘గట్టిగా ఊపిరి తీసుకో’ అనగానే గబగబా ఛాతీ నిండా పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం ఇంకా పెరుగుతుంది.

ఛాతీ నొప్పి, చెమటలు కూడా ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. దిగులుతో రోజూ నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.