ఎఫ్‌డీ తీసి స్టాక్ కొన్నారు, ఇప్పుడు అప్పు చేసి ఉద్యోగం మానేస్తారా?

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.52 వేలు వస్తాయి. అద్దె, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు రూ.41 వేలు. నా భార్య 14 నెలలుగా ఆన్‌లైన్‌లో కుర్తీలు అమ్ముతోంది. రెండు మార్కెట్‌ప్లేస్‌లలో ఖాతాలున్నాయి, ఇన్‌స్టాగ్రామ్ పేజీ నుంచి కూడా కొన్ని ఆర్డర్లు వస్తాయి, ఆ డబ్బు నా జీతం ఖాతాకే యూపీఐలో వేయించుకుంటున్నాం. నెలకు 260 ఆర్డర్లు పంపుతున్నాం, అమ్మకాలు రూ.1.8 లక్షలు. మాకున్న రూ.3 లక్షల ఎఫ్‌డీ గత ఏడాది స్టాక్‌లో పెట్టేశాం. క్రెడిట్ కార్డు మీద రూ.1.2 లక్షల బాకీ ఉంది, మినిమం డ్యూ కడుతున్నాను. అద్దె చెల్లింపు పేరుతో కార్డు నుంచి డబ్బు తీసి సప్లయర్‌కి కట్టాను. అమ్మకాల షీటు, కార్డు స్టేట్‌మెంట్ జత చేస్తున్నాను. పండగ సీజన్‌కి రూ.5 లక్షల స్టాక్ తేవాలనుకుంటున్నాం. 16 శాతం వడ్డీకి నాలుగేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. లోన్ యాప్‌లో అయితే పది నిమిషాల్లో వస్తుందట. ఏది మంచిది? సీజన్ అయ్యాక ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగొచ్చా?

జవాబు: రెండు అప్పుల్లో ఏది మంచిదని అడిగారు. రెండూ వద్దు. ఉద్యోగం మానేసే మాట ఇంకో ఏడాదిన్నర దాకా ఇంట్లో ఎత్తకండి. ఆన్‌లైన్ వ్యాపారం పెట్టిన చాలా కుటుంబాలు చేసే పొరపాటే మీ ఉత్తరంలోనూ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎఫ్‌డీని స్టాక్‌లో పెట్టామని మామూలు విషయంలా ఒక వాక్యంలో తేల్చేశారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఆ మూడు లక్షలు మీ ఇంటి అత్యవసర నిధి. దాన్ని కుర్తీలుగా మార్చారు. రేపు జీతం ఆగినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా ఆ కుర్తీలతో అద్దె కట్టలేరు. కట్టలేకపోయారు కాబట్టే కార్డు మీద రూ.1.2 లక్షలు పేరుకుంది. మీరు దాన్ని వ్యాపారపు బాకీ అనుకుంటున్నారు. మీరు పంపిన స్టేట్‌మెంట్లో మూడో వంతు స్కూలు ఫీజు, మందులు, ఇంటి సరుకులే.

ఇక ఆ రూ.1.8 లక్షల సంగతి. 260 ఆర్డర్లను కుర్తీ ధర రూ.699తో గుణిస్తే వచ్చే అంకె అది. చేతికి వచ్చే డబ్బు వేరే. మీ షీటు ప్రకారం వందకు 30 ఆర్డర్లు వెనక్కి వస్తున్నాయి. అంటే నెలకు 78. వాటిలో 34 కస్టమర్ తలుపు దగ్గరే వద్దన్నవి, ఈ వ్యాపారంలో ఆర్‌టీఓ (రిటర్న్ టు ఒరిజిన్) అంటారు. మిగతా 44 తీసుకున్నాక తిప్పి పంపినవి. నిజంగా అమ్ముడైనవి 182, విలువ రూ.1,27,218. అందులో 5 శాతం జీఎస్టీ ప్రభుత్వానిది. అది తీసేస్తే రూ.1,21,160.

ఇప్పుడు ఖర్చులు. ఒక్కో కుర్తీ కొన్న ధర, జీఎస్టీ కాకుండా, రూ.340 చొప్పున రూ.61,880. కమీషన్, ఫిక్స్‌డ్ ఫీజు, షిప్పింగ్ కలిపి అమ్ముడైన ఒక్కోదానికి సగటున రూ.130 చొప్పున రూ.23,660. కస్టమర్ తిప్పి పంపిన 44కు రివర్స్ షిప్పింగ్ రూ.120 చొప్పున రూ.5,280. కవరు, లేబుల్, టేపు రూ.12 అనుకుంటే పంపిన 260కీ పడుతుంది, రూ.3,120. వెనక్కి వచ్చినవాటిలో ఆరింట ఒకటి మరకపడో, ట్యాగ్ తెగో మళ్లీ అమ్మడానికి పనికిరావడం లేదు. ఆ 13 పీసుల నష్టం రూ.4,420. ప్రకటనలకు రూ.9,000. జీఎస్టీ రిటర్నులు వేసే ఆయనకు రూ.1,500. ఇవన్నీ పోగా మిగిలేది రూ.12,300. అందులోంచి కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం చొప్పున రూ.4,200 తీసేయండి. రూ.8,100 మిగిలింది. అదీ మీ భార్య పనికి ఒక్క రూపాయి జీతం లెక్కేయకుండా.

మీరు తీసుకుంటానంటున్న లోన్ ఈఎంఐ సుమారు రూ.14,170. నాలుగేళ్లలో వడ్డీయే రూ.1.8 లక్షలు. నెలకు రూ.8,100 మిగిలే వ్యాపారం మీద ఆ ఈఎంఐ ఎలా మోపుతారు? సీజన్‌లో అమ్మకాలు పెరుగుతాయంటారు. పెరుగుతాయి, కాదనను. కానీ సీజన్ రెండు నెలలు, ఈఎంఐ 48 నెలలు.

రూ.5 లక్షలకు, జీఎస్టీతో కలిపి రూ.357 చొప్పున, 1,400 పీసులు వస్తాయి. ఇప్పటి వేగంతో అమ్ముడవడానికి ఏడెనిమిది నెలలు. అమ్మకాలు మూడింతలైనా రెండున్నర నెలలు, అంటే సీజన్ దాటిపోతుంది. పైగా హోల్‌సేల్‌లో మీకొచ్చేది సెట్ల లెక్క. ఒక్కో డిజైన్‌లో ఎం, ఎల్, ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ ఒక్కొక్కటి. అడిగేవాళ్లు మాత్రం అలా సమానంగా అడగరు. మీ షీటులో చూడండి, ఎల్, ఎక్స్‌ఎల్ ముందు ఖాళీ అవుతున్నాయి. ఆ రెండూ అయిపోగానే సైట్‌లో ఆ డిజైన్ పేజీ, అంటే లిస్టింగ్, పైకి రావడం తగ్గుతుంది, మిగతా సైజులు అరల్లో ఉండిపోతాయి. మీ దగ్గర ఇప్పుడున్న రూ.3.1 లక్షల స్టాక్‌లో సగం మూడు నెలలు దాటింది అందుకే. కొత్తగా 1,400 తెస్తే ఇదే తీరు ఇంకా పెద్ద స్థాయిలో జరుగుతుంది.

యాప్ లోన్ గురించి ఎక్కువ రాయను. పది నిమిషాల్లో డబ్బు ఇస్తున్నవాడు మీ వ్యాపారం చూసి ఇవ్వడం లేదు. మీ ఫోన్లో కాంటాక్టులు అడిగే యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి, ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో చెప్పే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ముందే ఇవ్వాలి. అది చూపించనివాడితో మాటే అనవసరం. కార్డు నుంచి అద్దె చెల్లింపు పేరుతో డబ్బు తీసి సప్లయర్‌కి కట్టానని రాశారు. అది కూడా యాప్ లోన్‌కి తమ్ముడే. బాకీ మిగిలి ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా కొన్న ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, 45 రోజుల వెసులుబాటు ఉండదు. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ కుర్తీ మీద లాభం లెక్కపెట్టుకోవడం ఏమిటండీ?

ముందు అత్యవసర నిధి తిరిగి నిలబెట్టండి. అదీ రెండు వేర్వేరు నిధులుగా.

మొదటిది ఇంటిది. మీ జీతం ఉన్నంతకాలం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2.46 లక్షలు. ఉద్యోగం మానేస్తే ఇల్లు మొత్తం ఒకే వ్యాపారం మీద నడుస్తుంది కాబట్టి పన్నెండు నెలలది, రూ.4.92 లక్షలు. కార్డు గానీ, వ్యాపార ఖాతా గానీ ఉన్న బ్యాంకులో దీన్ని పెట్టకండి. బాకీ మీరితే అదే బ్యాంకులోని డిపాజిట్ నుంచి జమ చేసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. ఆ ఖాతాకు యూపీఐ కలపకండి. లక్ష చొప్పున కాకుండా రూ.40 వేల చొప్పున ఎఫ్‌డీలు వేయండి, అవసరమైనప్పుడు ఒక నెలకు సరిపడా ఒకటి మాత్రమే తీయొచ్చు. ఈ ఎఫ్‌డీలను తాకట్టు పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ తెచ్చుకునే ఆలోచన కూడా వద్దు.

రెండోది వ్యాపారానిది. సప్లయర్‌కి మీరు కట్టిన రోజు నుంచి ఆ డబ్బు తిరిగి మీ ఖాతాలో పడేదాకా ఎన్ని రోజులు పడుతోందో లెక్కేశారా? కదిలే స్టాక్ ఉండేది సగటున 45 రోజులు, డెలివరీకి నాలుగైదు, ఆ తర్వాత మార్కెట్‌ప్లేస్ డబ్బు జమ చేయడానికి వారం పది రోజులు. రెండు నెలలు. కాబట్టి రెండు నెలల ప్రకటనలు, ప్యాకింగ్, వెనక్కి వచ్చే ఆర్డర్ల ఖర్చు, ఒక విడత కొనుగోలు మొత్తం విడిగా ఉండాలి. మీ లెక్కన సుమారు రూ.1 లక్ష. ఫిర్యాదులు పెరిగో, ఎవరో బ్రాండ్ పేరు వాడారని ఆరోపించో మార్కెట్‌ప్లేస్ మీ ఖాతా ఆపేస్తే రావలసిన సొమ్ము కూడా ఆగుతుంది. జీఎస్టీ రిటర్నులు వరసగా వేయకపోతే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది, లిస్టింగులు దిగిపోతాయి. ఇలాంటప్పుడు నెలా నెలన్నర పైసా రాదు. ఈ నిధి లేనివాళ్లు సరిగ్గా అప్పుడే ఇంటి డబ్బుకి చెయ్యిపెడతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీరు అడగకపోయినా. ఇన్‌స్టాగ్రామ్ ఆర్డర్ల డబ్బు మీ జీతం ఖాతాకే యూపీఐలో వేయించుకుంటున్నారు. ఎక్కడో సైబర్ మోసంలో పోయిన డబ్బుతో ఒకడు మీ దగ్గర కుర్తీ కొన్నాడనుకోండి. పోలీసు ఫిర్యాదు మీద ఆ సొమ్ము వెళ్లిన ఖాతాలన్నింటికీ వరసగా బ్రేక్ పడొచ్చు. మీ తప్పు లేకపోయినా ఖాతా విడిపించుకోవడానికి వారాలు పట్టొచ్చు. జీతం, అద్దె, ఫీజులు అన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. మీ భార్య పేరు మీద కరెంట్ ఖాతా ఈ వారమే తెరిచి, అమ్మకాల డబ్బంతా అందులోకి మళ్లించండి. ఆ ఆర్డర్లు కూడా జీఎస్టీ రిటర్నులో చూపించాలి. చిన్నవే కదా అని వదిలేయకండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలంటే, మీ అరల్లోంచే. మూడు నెలలు దాటిన రూ.1.5 లక్షల స్టాక్‌ను కొన్న ధరలో 60 శాతానికైనా వదిలించుకోండి. రూ.90 వేలు వస్తాయి. నష్టానికి అమ్మమంటున్నారేమిటని మీ భార్యకు బాధగా ఉంటుంది, కానీ వచ్చే ఏడాదికి ఆ డిజైన్లు 60 శాతం కూడా పలకవు. ఆ రూ.90 వేలలో రూ.40 వేలు ఇంటి నిధిలో మొదటి ఎఫ్‌డీ. రూ.50 వేలు కార్డుకు. 42 శాతం వడ్డీ ఉండగా 40 వేలు పక్కన పెట్టడం తెలివితక్కువ అని కొందరంటారు. లెక్క ప్రకారం వాళ్లదే రైటు. కానీ చేతిలో ఒక్క నెల ఖర్చు కూడా లేని ఇల్లు తర్వాతి చిన్న కష్టానికే మళ్లీ కార్డు గీకుతుంది. మిగిలిన రూ.70 వేల కార్డు బాకీని బ్యాంకుతో మాట్లాడి తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్పించుకోండి, ఆ కార్డు మీద కొత్తగా ఏదీ కొనకండి.

జీతంలో మిగిలే రూ.11 వేలకు వ్యాపారం నుంచి రూ.8 వేలు కలిపితే నెలకు రూ.19 వేలు. నాలుగు నెలల్లో కార్డు తీరుతుంది. ఆ తర్వాత పదకొండు నెలలకు ఆరు నెలల నిధి నిండుతుంది. అప్పటిదాకా వ్యాపారంలో మిగిలే నాలుగు వేలు, కార్డు వడ్డీ తగ్గేకొద్దీ మిగిలేది, రెండో నిధికి. సీజన్‌కి స్టాక్ తెచ్చుకోండి, గత మూడు నెలల అమ్మకాల్లో ముందుగా అయిపోయిన డిజైన్లలోనే, సప్లయర్ ఒప్పుకుంటే విడి సైజుల్లో, చేతిలో ఉన్న డబ్బు మేరకే.

రిటర్నులు వందకు 30 నుంచి 22కి దించితే అప్పు లేకుండానే లాభం పెరుగుతుంది. కుర్తీని బల్లమీద పరిచి ఛాతీ, నడుము, పొడవు అంగుళాల్లో కొలిచి ప్రతి లిస్టింగ్‌లో పెట్టండి, సప్లయర్ ఇచ్చిన చార్టు కాపీ కొట్టొద్దు. వెనక్కి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ లేబుల్ కనిపించేలా వీడియో తీస్తూ విప్పండి. వేరే బట్ట పెట్టి పంపినవాటికి క్లెయిమ్ గడువులోగా వేయాలంటే అదే ఆధారం. మార్కెట్‌ప్లేస్ జీఎస్టీ కింద పట్టుకునే 0.5 శాతం టీసీఎస్‌ను కూడా మీరు తీసుకోవడం లేదని షీటులో కనిపిస్తోంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ స్టేట్‌మెంట్‌ను ఆమోదిస్తే మీ క్యాష్ లెడ్జర్‌లో, అంటే పోర్టల్‌లోని మీ నగదు ఖాతాలో పడుతుంది. ఏడాదికి ఏడు వేల దాకా.

మీరు ఉద్యోగం మానేసిన రోజు నుంచి కంపెనీ ఆరోగ్య బీమా ఉండదు. ఇంటిల్లిపాదికీ కలిపి వర్తించే సొంత ఆరోగ్య పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్) ఇప్పుడే తీసుకోండి, ముందున్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. టర్మ్ పాలసీ లేకపోతే అదీ తీసుకోండి. తర్వాత నిజంగా పెట్టుబడి అవసరమైతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు), ముద్రా రుణం ఉన్నాయి, పర్సనల్ లోన్ కన్నా అవే నయం. పీఎఫ్ జోలికి వెళ్లకండి.

ఉద్యోగం మానాలంటే మూడూ ఒకేసారి ఉండాలి: కార్డు బాకీ సున్నా, రూ.4.92 లక్షల నిధి, సీజన్ కాని ఆరు నెలలు వరసగా వ్యాపారం ఇంటికి రూ.41 వేలు ఇచ్చి ఉండటం. ఇప్పుడు ఇస్తున్నది రూ.8,100. పర్సనల్ లోన్ కోసం సంతకం పెట్టేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే బ్యాంకుకి ఫోన్ చేసి వద్దని చెప్పండి. పడి ఉంటే లోన్ వద్దనుకుని వెనక్కి ఇచ్చేసే కూలింగ్ ఆఫ్ గడువు ఉందేమో ఒప్పంద పత్రంలో చూసి, అది దాటకముందే తిరిగి కట్టేయండి.