ఇరవై ఆరు పుస్తకాలు చదివిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. జూన్ నెలంతా లైబ్రరీ పుస్తకాలతో గడిపి, చదివినవాటి గురించి 14 పేజీలు రాశావు. రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. రెండోసారి ఒకచోట ఆగిపోయి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నాను. ఆ రెండు సంగతులూ చెప్పడానికే ఈ ఉత్తరం. నీ భాష శుభ్రంగా ఉంది, తప్పులు లేవు. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు విసుగు సంగతి. 30 రోజుల్లో 26 పుస్తకాలు అని మొదటి వాక్యంలోనే రాశావు. తర్వాత ఒక్కో పుస్తకానికి ఐదారు వాక్యాలు. రచయిత ఎవరు, ఎన్ని పేజీలు, ఎన్ని గంటల్లో అయిపోయింది, చివర్లో 'తప్పక చదవాల్సిన పుస్తకం' అనో, 'కొంచెం నెమ్మదిగా సాగింది' అనో. లెక్కపెట్టాను, 26లో 19 తప్పక చదవాల్సినవే. పెళ్ళి భోజనం చేసొచ్చిన మనిషి విస్తట్లో వడ్డించినవన్నీ ఏకరువు పెట్టినట్టుంది. ఏ ఒక్క కూర రుచీ నాదాకా రాలేదు.

అందులో 'దిద్దుబాటు' కూడా ఉంది. 'పావుగంటలో అయిపోయింది, సందేశం ఈ కాలానికీ పనికొస్తుంది' అని రాసి తర్వాతి పుస్తకానికి వెళ్ళిపోయావు. అక్కడే నాకు కోపం వచ్చింది. గురజాడ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో అచ్చువేయించిన ఆ కథ నీకు పావుగంట పట్టింది. నాకు మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఎందుకంటే దాన్ని నేను మాటమాటా చూసి చేత్తో రాసుకున్నాను.

రాస్తూ ఉంటే ఏం తెలిసిందో చెప్తాను. మొగుడు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు కొడతాడు. ఆలస్యమైందని కథకుడు మనతో చెప్పడు. గదిలో గడియారం ఒంటిగంట కొడుతుంది, అంతే. ఆ మాట రాస్తున్నప్పుడు నా కలం ఆగింది. నేనైతే 'అతను చాలా ఆలస్యంగా ఇంటికి వచ్చాడు' అని రాసేదాన్ని కదా అనుకున్నాను. ఇంకా ముందుకు వెళ్తే, కథంతా అతని భార్య కమలిని గురించే, కానీ కమలిని కనబడదు. ఆమె ఉత్తరం ఉంది, ఆమె లేని గది ఉంది, ఆమె కోసం నౌకరు మీద అరిచే మొగుడున్నాడు. ఆమె ఎప్పుడొస్తుందా అని రాసే చెయ్యి ఎదురుచూస్తూనే ఉంటుంది. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినబడుతుంది, గాజుల చప్పుడు వినబడుతుంది. కళ్ళతో చదివినప్పుడు అది సరదా ముగింపు అనుకున్నాను. చేత్తో రాసినప్పుడు, మొదటి వాక్యం నుంచీ ఆమె అదే గదిలో ఉందనీ, మొగుడి మాటలన్నీ వింటూనే ఉందనీ తెలిసి ఒళ్ళు జలదరించింది. మళ్ళీ మొదటికెళ్ళి, ఆమె వింటోందన్న ఎరుకతో ప్రతి మాటా చదువుకున్నాను. ఇది పావుగంటలో అయ్యే పని కాదమ్మా.

నచ్చిన పేజీలు ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నానని రాశావు. మొత్తం 140 ఫోటోలని లెక్క కూడా చెప్పావు. వాటిలో ఒక్కటైనా మళ్ళీ తెరిచావా? ఫోటో తీసిన క్షణంలో ఆ పేజీ నీది అయిపోయిందనిపిస్తుంది. ఇక దాని జోలికి వెళ్ళవు. నా మాట ఒక్కటే. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చేయాలి కాబట్టి, ఇచ్చే లోపల అందులోని వాక్యాలు నీ చేతి గుండా వెళ్ళాలి. ఇది ఛాదస్తమని మా ఇంట్లో వాళ్ళే అంటారు. అననీ. నాకు రాయడం నేర్పిన గురువు ఇంకెవరూ లేరు.

మాది తెనాలి దగ్గర పల్లె. శాఖా గ్రంథాలయం ఒక అద్దె పెంకుటింట్లో ఉండేది. ముందు వసారాలో బల్ల మీద పేపర్లు, లోపల మూడు చెక్క బీరువాలు. వసారా నిండా మగవాళ్ళు కూర్చునేవారు, ఆడపిల్లలు వెళ్ళే చోటు కాదు. అందుకని తమ్ముణ్ణి పంపేదాన్ని. వాడికి ఎనిమిదేళ్ళు. నేను రాసిచ్చిన చీటీ దారిలో గోళీలాట దగ్గర పారేసుకుని, చేతికందింది తెచ్చేవాడు. ఒకసారి కోళ్ళ పెంపకం మీద పుస్తకం తెచ్చాడు. ఒకసారి నవల రెండో భాగం తెచ్చాడు. మొదటి భాగం ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదట. ఆ రెండో భాగమే చదివాను. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక మొదట తికమకపడ్డా, మూడో రోజుకి వాళ్ళ మాటతీరుని బట్టే అందరినీ గుర్తుపట్టాను.

కార్డుకి ఒక్క పుస్తకం, పదిహేను రోజులు. అంటే నెలకి రెండు. పన్నెండో రోజు నుంచే టెన్షన్ మొదలయ్యేది. కొనుక్కునే స్తోమత లేదు, నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. పాత చిట్టా పుస్తకాల వెనక మిగిలిపోయిన కాగితాలు దారంతో కుట్టి ఇచ్చేవారు. వాటి మీద రూపాయలకీ పైసలకీ ఎర్రటి నిలువు గీతలు ఉండేవి. ఆ గీతలు దాటుకుంటూ రాసుకునేదాన్ని. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే వేళ, వంటింటి గడప దగ్గర ఎండ పడే చోట. ఎండ జరిగిన కొద్దీ నేనూ జరిగేదాన్ని. అలా ఎనిమిది కట్టలయ్యాయి. రెండు చెదలు తిన్నాయి, ఆరు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

గడువు లోపల చదివి తిరిగివ్వడం మా వైపు పాత అలవాటే. 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసి కాలువ వెంట ఊళ్ళకు పంపించారు. గట్టు మీద నిలబడి పుస్తకం అందుకున్నవాళ్ళు, పడవ మళ్ళీ వచ్చేసరికి చదివి తిరిగివ్వాలి. వాళ్ళు ఎంత శ్రద్ధగా చదివి ఉంటారో అనుకుంటూ ఉంటాను. పుస్తకం రావడానికీ వెళ్ళిపోవడానికీ ఒక వేళ ఉండేది. ఇప్పుడు పుస్తకాల దొంతర పక్కన కాఫీ కప్పు పెట్టి ఫోటో దిగడం, నెలకి ఎన్ని చదివామో పందెం వేసుకోవడం ఫ్యాషన్ అయింది. నెలకి పది అని ఒకరంటే పదిహేనని ఇంకొకరు. నీ వ్యాసానికి ఆ గాలి తగిలింది. నీలాంటి పిల్లకి అది తగలడం నాకు బాధగా ఉంది.

చేత్తో రాయడం వల్ల ఇంకో మేలు ఉంది. నీ రచనకి ఎవరైనా చెయ్యి విరిస్తే వెంటనే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి కథ పంపాను. ఊళ్ళో తల్లి, పట్నం నుంచి రావాల్సిన కొడుకు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె ఎదురుచూపు. కథలో గడియారం లేదు. 'పాలు దాలిలో కాగుతున్నాయి' అని మూడుచోట్ల రాశాను. నువ్వు దాలి చూసి ఉండవు. నేలలో చిన్న గుంట, అందులో పిడకల నిప్పు, పైన పాల కుండ. పాలు పొంగవు. పొద్దున పెడితే సాయంత్రానికి ఎర్రగా కాగి, మీగడ అరచేతి మందాన కడుతుంది. మొదటిసారి ఆ వాక్యం వచ్చినప్పుడు పాలు తెల్లగా ఉన్నాయి, చివరిసారికి ఎర్రబడ్డాయి. కథలో కాలం అలా గడిచింది.

కథ అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఎక్కడో వెలితిగా ఉండి, అచ్చులో వచ్చినదాన్ని నా అలవాటు ప్రకారం రాసుకోవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో దొరికింది. 'పాలు పొయ్యి మీద మరుగుతున్నాయి' అని మార్చారు, మూడుచోట్లా. పొయ్యి మీద పాలు ఐదు నిమిషాల్లో పొంగిపోతాయి. ఆ తల్లి రోజంతా ఎదురుచూసిందని ఇక ఎవరు నమ్ముతారు? సంపాదకుడికి ఉత్తరం రాస్తే, దాలి అంటే పాఠకులకి అర్థం కాదని కార్డు ముక్క మీద రెండు లైన్ల జవాబు వచ్చింది. పాఠకుల్ని ఆయన అడిగాడా? మా అమ్మ ఆ పత్రిక పాఠకురాలే. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఆ తర్వాత ఎవరు ఎంత పెద్ద పత్రిక నుంచి అడిగినా, మాట మార్చేముందు నాకు చెప్పాలన్న షరతు మీదే కథ ఇచ్చాను. ఆ షరతు వల్ల కొన్ని కథలు తిరిగొచ్చాయి. రానీ అనుకున్నాను.

ఇప్పుడు నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్న చోటు. తొమ్మిదో పేజీలో ఉంది. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీ రీడింగ్ హాల్లో కుర్చీ దొరకడానికి పొద్దున్నే వెళ్ళానని రాసి, ఇలా అన్నావు: 'పక్క కుర్చీలో అబ్బాయి కరెంట్ అఫైర్స్ బిట్లు బట్టీ పడుతున్నాడు. నా చేతిలో కథల పుస్తకం చూసుకుంటే సిగ్గేసింది. పైన జనరల్ స్టడీస్ పుస్తకం తెరిచి పెట్టి, కింద కథ చదివాను.'

రెండు మూడు వాక్యాల్లో తేల్చేసి, వెంటనే పన్నెండో పుస్తకం పేజీల సంఖ్య దగ్గరికి వెళ్ళిపోయావు! అమ్మాయ్, నీ 14 పేజీల్లో వ్యాసమంటూ ఉంటే అది ఇదే. ఆ అబ్బాయి ఏ ఊరివాడు? టిఫిన్ బాక్సు తెచ్చుకున్నాడా, బయట బండి దగ్గర తింటాడా? నువ్వు పేజీ తిప్పినప్పుడు చూశాడా? సిగ్గు ఎవర్ని చూసి? అతన్నా, ఇంటి దగ్గర నీకు డబ్బు పంపుతున్న నాన్ననా? నువ్వూ ఆ పరీక్షకే తయారవుతున్నావని నాకు అర్థమైంది, నువ్వు ఎక్కడా చెప్పకపోయినా. ఆ కింది పుస్తకంలో ఏ కథ ఉందో కూడా చెప్పలేదు. నేను తమ్ముడి చేత పుస్తకాలు తెప్పించుకుని అమ్మ నిద్రపోయాక చదివినదాన్ని కనుక, ఆ పై పుస్తకం బరువెంతో నాకు తెలుసు.

ఆ సిగ్గు గురించి ఒక్క మాట. నువ్వున్న చోటికి దగ్గర్లోనే, సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ ఉంది. ఒకసారి వెళ్ళు. 1901లో, నిజాం కాలంలో, ఉర్దూ తప్ప ఇంకో భాషకి సర్కారులో విలువ లేని రోజుల్లో పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్ళు కలిసి పెట్టారు. తెలుగు చదివితే ఏ ఉద్యోగమూ రాదని వాళ్ళకి బాగా తెలుసు. అయినా 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్రుడి పేరుతో ఇంకొకటి లేచింది. కథ చదువుకోవడానికి నువ్వు ఎవరి దగ్గరా దాక్కోనక్కర్లేదు. నువ్వు అద్దెకుంటున్న ఇంటి పన్నులోనూ గ్రంథాలయ సెస్సు ఉంటుంది, రూపాయికి ఎనిమిది పైసలు. ఆ కుర్చీ పరీక్ష రాసేవాళ్ళది ఎంతో కథ చదివేవాళ్ళదీ అంతే. ఆ అబ్బాయికి ఉద్యోగం రావాలనీ కోరుకుంటున్నాను, అది వేరే సంగతి.

పుస్తకం వేసుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది, ఏ పత్రికకి పంపితే మంచిది, కలం పేరు పెట్టుకోవాలా అని చివర్లో అడిగావు. ఇప్పుడు వాటి గురించి మాట్లాడాలని లేదు.

ఈ నెల ఒక్క పుస్తకం తెచ్చుకో. పల్చటిదే తెచ్చుకో. నలభై పేజీల నోటు పుస్తకం కొనుక్కో. రోజుకి ఒక పేజీ చాలు, పరీక్ష చదువు పాడు కాదు. గడువు అయిపోతే రెన్యువల్ చేయించుకో. రాసేటప్పుడు నీ చెయ్యి ఎక్కడ తనంతట తాను వేరే మాట రాయబోయిందో అక్కడ మార్జిన్‌లో చుక్క పెట్టు. నువ్వు రాయబోయిన మాటేమిటో, రచయిత రాసిందేమిటో పక్కపక్కన వేసుకుని చూడు. నెలాఖరుకి ఆ నోటు పుస్తకం నాకు పంపు. వ్యాసం వద్దు.

ఇంకొకటి మర్చిపోయాను. ఆరో పేజీలో, ఒక పుస్తకం అట్ట వెనక అతికించిన చీటీ మీద చివరి తేదీ ముద్ర 1991లో పడిందనీ, దాని కింద ఇప్పుడు నీ ముద్రే పడిందనీ రాశావు. అన్నేళ్ళు ఎవరూ తీసుకెళ్ళని పుస్తకం. మిగతా 25 పుస్తకాల పేర్లూ పేజీలూ రాసి, దాని పేరు మాత్రం రాయలేదు. అదేమిటో నాకు వెంటనే తెలియజెయ్యి. వీపు మీది నంబరు కూడా రాయి, తెలుగు సాహిత్యానికి లైబ్రరీల్లో వేసే 894.827తోనే మొదలవుతుందనుకుంటాను, ఇక్కడి లైబ్రరీలో అడిగి చూస్తాను. నువ్వు దాన్ని ఇంకా తిరిగి ఇవ్వకపోతే, ఈ నెల రాయాల్సిన పుస్తకం అదే.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి మనిషి