అమ్మానాన్న వచ్చారా? లాకుల దగ్గరికి తీసుకెళ్లండి

సెయింట్ లూయిస్‌కి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చారు. ఆర్చ్, జూ, గుడి అయిపోయాయి. ఇంకెక్కడికి?" ఆల్టన్ దగ్గరున్న మెల్విన్ ప్రైస్ లాకులకి వెళ్లండి. డౌన్‌టౌన్ నుంచి కారులో అరగంట పైచిలుకు. మిసిసిపీ మీద డ్యామ్, దానికి ఆనుకుని లాకు (నీటిమట్టం పెంచి, దించి పడవల్ని డ్యామ్ దాటించే గేట్ల గది), ఒడ్డునే నేషనల్ గ్రేట్ రివర్స్ మ్యూజియం. టికెట్ లేదు.

గోదావరి జిల్లాలవాళ్లకి లాకు అంటే ఏమిటో మనం చెప్పక్కర్లేదు. మా నాన్నగారిది ధవళేశ్వరం. గైడ్ నోరు తెరవకముందే ఆయన మొదలుపెట్టారు: "పంపులేం ఉండవురా. వాల్వు తెరిస్తే నీళ్లు వాటంతటవే పల్లానికి పోతాయి." నిజమే, ఇక్కడా అంతే. తేడా అల్లా సైజులోనే. పెద్ద లాకు 1,200 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. మూడు వరసల్లో 15 బార్జీలు (ఇంజిన్ లేని సరుకు పడవలు), వెనక వాటిని నెట్టే టోబోటు, అన్నీ ఒకేసారి పడతాయి. ఒక్కో బార్జీలో 1,500 టన్నుల సరుకు. గోడకీ బార్జీకీ మధ్య జానెడు సందు పక్కనే నిలబడి డెక్ కుర్రాడు తాళ్లు సర్దుతుంటే నాన్నగారు ఊపిరి బిగబట్టి చూశారు.

ఎగువన విన్‌ఫీల్డ్ దగ్గర 25వ నంబరు లాకు 600 అడుగులే. అక్కడ అదే గుంపును రెండు ముక్కలు చేసి దాటించాలి. గంటన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఓపికుంటే చూడదగ్గదే.

మొదటిసారి నేను ఏమీ కనుక్కోకుండా వెళ్లి రెండు గంటలు ఖాళీ నీళ్లు చూసి వచ్చాను. మీరా పని చెయ్యకండి. పడవలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌లున్నాయి, మెరైన్ ట్రాఫిక్ లాంటివి. టూర్ టైమింగ్స్ ఫోన్ చేసి కనుక్కోండి, ఐడీ దగ్గర పెట్టుకోండి. కోతల కాలంలో మొక్కజొన్న, సోయా కిందికి దిగుతుంటాయి కాబట్టి రద్దీ బాగుంటుంది.

జనవరిలో వెళ్తే బార్జీలు తక్కువే గానీ, డ్యామ్ కింద గడ్డకట్టని నీళ్లలో చేపల కోసం తెల్లతల గద్దలు వాలుతాయి. పెద్దవాళ్లకి మంకీ క్యాప్ మరిచిపోకండి. నది గాలి మామూలుగా ఉండదు.