న్యూరోసర్జన్ అవుతానంటున్న అమ్మాయి, వద్దనలేకపోతున్న నాన్న

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక మాస్టారు రాశారు. వాళ్లమ్మాయి ప్లస్ టూ సైన్స్ ఫస్టియర్. మేనమామకి మెదడులో గడ్డ వస్తే విశాఖపట్నంలో కంప్యూటర్ స్క్రీన్ చూసుకుంటూ ఆపరేషన్ చేశారట, అప్పట్నుంచి "నేనూ ఆ డాక్టర్నే అవుతా" అంటోందట. ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదువేనంటున్నారు, పైగా రేపు ఆ పనంతా మెషీన్లే చేసేస్తాయంటున్నారు, బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించేద్దామా అని ఈయన టెన్షన్.

మాస్టారూ, ముందు మెషీన్ల సంగతి తేల్చేద్దాం. ఆపరేషన్‌కి ముందు తీసిన ఎంఆర్ఐని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు, తల కదలకుండా పిన్నులతో బిగిస్తారు, తర్వాత సర్జన్ పుల్లలాంటి ప్రోబ్ పట్టుకుని ముక్కు మొదలు, కంటి కొసలు, నుదురు ఒక్కొక్కటీ తాకుతూ పోతారు. ఆ ప్రోబ్‌కున్న మెరిసే చిన్న గోళీలను ఇన్‌ఫ్రారెడ్ కెమెరా గమనిస్తుంటుంది, అలా టేబుల్ మీది తలకీ స్క్రీన్ మీది తలకీ లెక్క కుదురుతుంది. ఇక ప్రోబ్ ఎక్కడ పెడితే స్కాన్‌లో ఆ చోటు కనిపిస్తుంది, దీన్నే నేవిగేషన్ అంటారు. పుర్రె ఎక్కడ, ఎంత తెరవాలో దీన్నిబట్టే చూసుకుంటారు. లోతుగా ఉన్న గడ్డలోంచి సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపాలన్నా దీని సాయం తీసుకుంటారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. మెదడు మీది పొర కోశాక చుట్టూ ఉన్న నీరు కొంత పోతుంది, గడ్డ కొంత తీసేసరికి మెదడే జరుగుతుంది, కానీ స్క్రీన్ మీదున్నది ఆపరేషన్‌కి ముందు తీసిన బొమ్మే. దీన్ని బ్రెయిన్ షిఫ్ట్ అంటారు. అందుకే మధ్యలో అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు, వసతి ఉన్న కొద్దిచోట్ల ఆపరేషన్ థియేటర్‌లోనే మళ్లీ ఎంఆర్ఐ తీస్తారు, గ్లయోమాలనే ఒక రకం మెదడు గడ్డల్లో కొన్నిటికైతే ముందే ఫైవ్-ఏఎల్ఏ అనే మందు తాగిస్తారు, ప్రత్యేకమైన నీలి కాంతిలో గడ్డ గులాబీ రంగులో మెరుస్తుంది. మాట వచ్చే భాగం పక్కనే గడ్డ ఉంటే పేషెంట్‌ని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ తీయడమూ ఉంది. ఇంకొంచెం తీస్తే మాట పోతుంది, ఇక ఆపాలి అని తేల్చుకోవాల్సింది సర్జనే. 1971లో లండన్‌లో మొట్టమొదటి సీటీ స్కాన్ తీసింది మెదడులో గడ్డ ఉందని అనుమానించిన పేషెంట్‌కే. అప్పట్నుంచి బొమ్మలు ఎంత స్పష్టమైనా సర్జన్ అవసరం తగ్గలేదు, మీ అమ్మాయి కాలంలో తగ్గుతుందని నేననుకోను.

ఇక ఏళ్ల లెక్క. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5½ ఏళ్లు. తర్వాత జనరల్ సర్జరీ 3, ఆపైన ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ న్యూరోసర్జరీలో 3. లేదంటే ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి చోట ఎంబీబీఎస్ తర్వాత నేరుగా 6 ఏళ్ల ఎంసీహెచ్ ఉంది, దానికి ఐఎన్ఐ-సెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. ఎలా చూసినా, ఎక్కడా ఏడాది పోకపోతే చదువు అయ్యేసరికి వయసు ముప్పై. కానీ ఇంటర్న్‌షిప్ నుంచీ స్టైపెండ్ వస్తుంది కాబట్టి అన్నేళ్లూ మీరే పోషించాలని బెంగపెట్టుకోకండి. న్యూరోసర్జరీయా కాదా అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు కూడా, చాలామంది థియేటర్లో నిలబడ్డాకే మనసు మార్చుకుంటారు.

ఇప్పుడు తేలాల్సింది నీట్. ఆంధ్ర సీటు కోసం విశాఖలో ఇంటర్ చదివిస్తే చాలనుకునేవాళ్లు మీ వైపు చాలామంది, కానీ రెండేళ్లకే అక్కడ లోకల్ అవ్వరు, ఇంటర్‌తో ముగిసేలా వరసగా 4 ఏళ్లు చదివుండాలన్నది అక్కడి నిబంధన. మీ అమ్మాయికి ఒడిశా కోటాయే అండ. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది, కాబట్టి రెసిడెంట్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఇంకోటి, నీట్ తెలుగు పేపర్ ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. ఒడిశాలో రాస్తే ఇంగ్లిష్, హిందీ, ఒడియాల్లోంచే ఎంచుకోవాలి, అప్లికేషన్ నింపేరోజున ఇది గుర్తుండాలి.

మీ అమ్మాయిని ఒక మాట అడగండి. మామయ్య ఆపరేషన్‌లో ఆమె మనసు పట్టుకున్నది ఏది, ఆ స్క్రీనా, మామయ్య మళ్లీ లేచి తిరగడమా? నిజంగా స్క్రీనే అయితే బయోమెడికల్ ఇంజనీరింగ్ తక్కువ చదువేం కాదు, ఆ నేవిగేషన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కూడా కావాలి కదా. రేడియాలజీ కూడా ఉంది, దానికి మాత్రం మళ్లీ ఎంబీబీఎస్సే దారి. మామయ్యే అయితే నీట్ నుంచి పక్కకి లాగకండి. ఆమె ప్లస్ టూలో బయాలజీతో పాటు మ్యాథ్స్ కూడా తీసుకుందో లేదో మీరు రాయలేదు, అది లేకపోతే ఇంజనీరింగ్ తలుపు దాదాపు మూసుకున్నట్టే, కాబట్టి ముందు అది చూసి నాకు రాయండి.