ఆల్బమ్ డిజైనింగ్‌కి ఏ కంప్యూటర్?

ప్రశ్న: పెళ్లి ఆల్బమ్‌ల కోసం కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తున్నాను. గ్రాఫిక్స్ కార్డుకే ఎక్కువ పెట్టమంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ఫొటోషాప్‌కి ముందు చూడాల్సింది ర్యామ్. 32 జీబీ పెట్టించండి, అదీ 16 జీబీవి రెండు. ర్యామ్ గుచ్చే స్లాట్లు నాలుగున్న మదర్‌బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో ఉండాలి. పక్కపక్కనే గుచ్చేస్తే రెండూ ఒకే చానల్‌లో (ప్రాసెసర్‌కి డేటా వెళ్లే దారిలో) పడి వేగం తగ్గుతుంది. షాపులో మూత బిగించక ముందే చూసుకోండి. విండోస్‌కీ, స్క్రాచ్ డిస్క్‌కీ (ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే చోటు) 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డ్రైవ్) పెట్టించండి. పాత ఆల్బమ్‌లకు మామూలు హార్డ్‌డిస్క్ చాలు. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకందే తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చేది కాకుండా 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు) ఉన్న 550 వాట్లది అడగండి. కోనసీమ తేమకి ర్యామ్ కాంటాక్టులు మసకబారి, తెర వెలగక బీప్‌లు మొదలైతే ప్లగ్ పీకేసి, స్టిక్ తీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి.