అమెరికాలో వికలాంగుల హక్కుల సంస్థలు ఏటా ప్రజాభిప్రాయం ఎందుకు అడుగుతాయి?

ఏ సమస్యల మీద ముందుగా పనిచేయాలో తేల్చుకోవడానికి అడుగుతాయి. అలా అడగడం ఫెడరల్ చట్టం ప్రకారం వాటి బాధ్యత కూడా. ఇక్కడ చెబుతున్నది వికలాంగుల రక్షణకు, హక్కులకు పనిచేసే ‘ప్రొటెక్షన్ అండ్ అడ్వొకసీ’ సంస్థల గురించి, ఇవి ప్రతి రాష్ట్రంలోనూ ఒకటి ఉంటుంది. 1972లో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లను ఉంచే న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ స్కూల్లో ఉన్నవాళ్ల ఘోరమైన దుస్థితి టీవీలో బయటపడింది. ఆ తర్వాత, 1975 చట్టంతో ఈ సంస్థలు వచ్చాయి. వచ్చిన కేసులన్నీ చేపట్టేంత డబ్బు, లాయర్లు వీటికి ఉండరు. అలాంటప్పుడు దేన్ని ముందు పట్టుకోవాలో, ఆ కష్టం పడుతున్నవాళ్లనే అడగడం న్యాయం. ఉదాహరణకు, స్కూల్లో పిల్లల్ని గదిలో పెట్టి తలుపేస్తున్నారని చాలా కుటుంబాలు చెబితే, అది ఆ ఏటి లక్ష్యాల్లో చేరవచ్చు. ఇది ఓటింగ్ మాత్రం కాదు, తుది నిర్ణయం సంస్థదే. అభిప్రాయం పంపితే తమ కేసు నమోదైనట్టేనని చాలామంది అనుకుంటారు. అలా జరగదు, సాయం కావాలంటే సంస్థను విడిగా సంప్రదించాలి.